మూడో మెట్టు మీద పిలుపు

మా ఆవిడ ఫ్రాన్స్ అడిగింది. నేను మిస్సోరీ ఇచ్చాను.

ఇంత పొట్టిగా చెబితే నన్ను పిసినారి అనుకుంటారు. కాదని వాదించను గానీ, ఆ బేరం ఎలా కుదిరిందో, దాంతో ఏం పోగొట్టుకున్నానో చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టవుతుంది.

మేముండేది న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో. పెళ్ళయి ముప్ఫై ఒక్కేళ్ళు. ఏడాదిగా మా ఆవిడ ఫోన్‌లో ఫ్రెంచి నేర్చుకుంటోంది. బెండకాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ ముక్కులోంచి ఏవో మాటలు పలికేది. ఒకరోజు ఫ్రాన్స్‌లోని ఒక పల్లెటూరి వీడియో చూపించింది. రాతి ఇళ్ళు, ద్రాక్ష తోటలు, తోటల మధ్య కాలిబాటలు, కొండ దిగితే చిన్న ఏరు. "ఇలాంటి ఊళ్ళో నాలుగు రోజులు నడవాలనుందండీ. ఇంకేం వద్దు" అంది.

ఇంకేం వద్దు అన్న మాట వినగానే నాలో కొట్టువాడు నిద్ర లేచాడు. అంత సూటిగా అడిగేవాళ్ళు బేరానికి బలహీనంగా ఉంటారు. రెండు వారాలు వెతికి, మిస్సోరీలో, మిసిసిపీ ఒడ్డున, ఎప్పుడో ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న ఊరొకటి పట్టుకున్నాను. పాత ఫ్రెంచి ఇళ్ళున్నాయి, ద్రాక్ష తోటలున్నాయి, నడవడానికి కొండబాటలున్నాయి, ఏరు కూడా ఉంది. "సరుకు అదే, ఊరు వేరు" అన్నాను. ఆవిడ నా మొహంకేసి చూసింది. "ఫ్రాన్స్ అడిగితే ఫ్రాన్స్ లాంటిది ఇస్తున్నారన్నమాట" అంది.

నేను రాజమండ్రి బట్టల బజార్లో పెరిగాను. నాన్నది చీరల కొట్టు, ఎదురుగా పెదనాన్నది గిన్నెల కొట్టు, సందు మొదట్లో మేనమామది కిరాణా. మా కొట్టుకి మూడు మెట్లుండేవి. ధర కుదరక ఒకావిడ చీర పక్కకి తోసి లేచిందంటే, నాన్న చేతిలో చీర మడతపెడుతూనే ఆవిడ పాదాలకేసి చూసేవాడు. మొదటి మెట్టు మీదుండగా పిలిస్తే మన ఆత్రం బయటపడుతుంది. రోడ్డు మీద కాలు పెట్టాక పిలిస్తే పక్క కొట్టువాడు నవ్వుతాడు. పిలవాల్సింది మూడో మెట్టు మీద. "అమ్మా, మీ మాటా వద్దు, నా మాటా వద్దు, ఇలా రండి" అని ఆయన అనేసరికి ఆవిడ కుడికాలు సరిగ్గా అక్కడే ఉండేది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అందుకే మూడు మెట్లు దిగడానికి అంతసేపు పట్టేది.

ఈ విద్య నేను అమెరికా తెచ్చుకున్నాను. ఇక్కడ దీనికి గిరాకీ లేదు. వచ్చిన కొత్తలో ఒక సోఫా కొట్టులో ధర నచ్చనట్టు మొహం పెట్టి బయటికి నడిచాను. ఎవరూ పిలవలేదు. పార్కింగ్‌లో కారెక్కి పది నిమిషాలు కూర్చున్నాను, అద్దంలోంచి తలుపుకేసి చూస్తూ. మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని, "వాళ్ళకి మనం వెళ్ళిపోయామనే అర్థమైందండీ" అంది. చివరికి నేనే లోపలికెళ్ళి వాళ్ళు చెప్పిన ధరకే కొన్నాను. ఆ సోఫా మీద కూర్చున్నప్పుడల్లా ఆవిడ ఇరవయ్యేళ్ళు నవ్వింది.

ఇక చెవుల సంగతి. నాలుగేళ్ళుగా నాకు వినికిడి తగ్గుతూ వస్తోంది. ముందు ఆఫీసు మీటింగుల్లో ఆడవాళ్ళ మాటలు పోయాయి, తర్వాత వంటింట్లోంచి వచ్చే మాటలు. చెవి డాక్టరు పరీక్ష చేసి రెండు చెవులకీ మిషన్లు పెట్టుకోవాలంది. నేను ఆ డాక్టరమ్మతో అరగంట మాట్లాడి ఒక చెవికి ఖాయం చేసుకున్నాను. ఒక కాలికి చెప్పు కొనుక్కుని గెలిచానని ఇంటికొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఒక్కటి కూడా బ్యాటరీ అరుగుతుందని డబ్బాలో పెట్టి దాచుకునేవాణ్ణి.

మా ఆవిడ మొదట్లో రెండోసారి చెప్పేది. తర్వాత గట్టిగా చెప్పేది. ఆ తర్వాత మళ్ళీ చెప్పడం మానేసింది. ఒక సాయంత్రం స్టవ్ కట్టేసి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "మీరున్న ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నానండీ" అంది. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను కాబట్టి ఆ మాట తప్పించుకోలేకపోయాను.

మిస్సోరీకి ఒప్పుకునే ముందు ఆవిడ షరతు పెట్టింది. ముందు డాక్టర్ దగ్గరికెళ్ళి రెండో మిషన్ తీసుకోవాలి, పొద్దున్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా రెండూ చెవుల్లో ఉండాలి.

"ట్రిప్ అయ్యాక" అన్నాను.

ఆవిడ ఫోన్ తీసి చూపించింది. మేం తిరిగొచ్చాక వచ్చే సోమవారం నాకు డాక్టర్ అపాయింట్‌మెంట్. మంగళవారం ఆవిడకి ఫ్లైట్, మా అబ్బాయి ఉండే ఫ్రీమాంట్‌కి.

"సోమవారం మీరు వెళ్తే మంగళవారం టికెట్ క్యాన్సిల్ చేసేస్తా. వెళ్ళకపోతే వాడి దగ్గరికి వెళ్ళిపోతా."

"ఎన్నాళ్ళకి?"

"రిటర్న్ బుక్ చెయ్యలేదండీ."

భయపడ్డాను. కానీ భయాన్ని ఏం చెయ్యాలో మా బజారు నేర్పలేదు, దాన్ని మొహంలో కనబడనివ్వకుండా ఎలా ఉండాలో మాత్రమే నేర్పింది. ఆవిడ మొదటి మెట్టు మీద ఉంది అనుకున్నాను. ఇంకా పిలవక్కర్లేదు.

అక్టోబరులో వెళ్ళాం. ఎయిర్‌పోర్ట్‌లో కారు అద్దెకి తీసుకుని గంటంపావు డ్రైవ్ చేస్తే ఊరు వచ్చింది. నేను నా బేరం చూసి మురిసిపోయే ఊరే. దుంగల్ని అడ్డంగా కాక నిలువుగా పాతి, మధ్యలో మట్టీ గడ్డీ కూరి, సున్నం వేసి కట్టిన ఇళ్ళు. ఇంటి చుట్టూ వెడల్పాటి వసారా, వాలు ఎక్కువున్న కప్పు. గోదావరి జిల్లా పెంకుటింటిని ఎవరో చలిదేశంలో పెట్టి ఉన్ని బట్టలు తొడిగినట్టున్నాయి. వసారా చూసి మా ఆవిడ చెప్పులు విప్పబోయి మళ్ళీ ఆగింది.

ఒక ఇల్లు చూపించడానికి పాతకాలపు టోపీ పెట్టుకున్న పెద్దావిడ ఉంది. మా ఆవిడ ఏడాదిగా దాచుకున్న ఫ్రెంచి బయటికి తీసి ఆవిడతో రెండు వాక్యాలు మాట్లాడింది. పెద్దావిడ సిగ్గుపడింది. తన తాతగారికి వచ్చేదట, ఆయనతోనే పోయిందట, ఊళ్ళో ఇప్పుడు ఎవరికీ రాదట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు వినబడింది వసారా చెక్కల కిర్రుమనే చప్పుడు మాత్రమే. చెవి మిషన్ కారు డ్యాష్‌బోర్డు అరలో డబ్బాలో ఉంది. నేను వింటున్నవాడిలా తలూపుతూ, పెద్దావిడ మాట్లాడటం ఆపగానే తెలివిగా కనబడాలని ఒక ప్రశ్న అడిగాను. ఈ దుంగలు నిలువుగా ఎందుకు పాతారు, అని.

పెద్దావిడ నన్ను చూసి, మా ఆవిడని చూసింది. ఇదివరకైతే మా ఆవిడ ఏదో ఒకటి సర్దేది. ఆ రోజు సర్దలేదు.

"ఇప్పటిదాకా అదే చెప్పిందండీ ఆవిడ, పది నిమిషాల నుంచీ."

బయటికొచ్చాక కంచె పక్కన నిలబడి నా చెవి దగ్గరగా అంది: "ఇంట్లో తెలుగు వినేవాళ్ళు లేరు, ఇక్కడ ఫ్రెంచి వినేవాళ్ళు లేరు. ఇంకో భాష నేర్చుకోమంటారా?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. అది నవ్వాల్సిన మాట కాదని నవ్వుతుండగానే తెలిసింది.

మిసిసిపీ చూడటానికి రేవుకి వెళ్ళాం. నాలుగు కార్లు పట్టే పంటు ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. నీళ్ళు వరద గోదావరి రంగులో ఉన్నాయి. పంటు మీద గాలికి, కొంగు లేదు కాబట్టి, ఆవిడ జాకెట్ టోపీ ఎగిరింది. ఊదారంగు జాకెట్. ఆవిడ రెయిలింగ్ పట్టుకుని నది వైపు తిరిగి ఏదో చెబుతూనే ఉంది. నేను పక్కనే నిలబడి "ఆ, ఆ" అంటున్నాను. రాజమండ్రి గురించి అయ్యుంటుంది. ఏం చెప్పిందో నాకిప్పటికీ తెలియదు. అడిగితే, "మీరు ఆ అన్నారు కదా" అంటుంది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం నడకకి వెళ్ళాం. ఊరికి కొంత దూరంలో ఇసకరాతి లోయ ఉంది. కార్లు ఆపే చోటు నుంచి బాట కిందికి దిగి ఏటి వెంబడి పోతుంది. ఒకచోట ఏరు దాటడానికి పెద్ద రాళ్ళు వరసగా పేర్చారు. రాళ్ళు దాటగానే బాట రెండుగా చీలుతుంది. ఎడమవైపుది కొండ మీదికి ఎక్కి, దూరంగా నది కనబడే అంచు దాకా వెళ్ళి, చుట్టు తిరిగి కార్ల దగ్గరికే చేరుతుంది. రెండు గంటల నడక. ఆవిడ వచ్చిందే ఆ అంచు కోసం. పొద్దున్న హోటల్లో మ్యాప్ మీద వేలుతో ఆ బాట మూడుసార్లు గీసుకుంది.

రాళ్ళు దాటాం. ఆవిడ ముందు, నేను వెనక. సన్నటి బాటల్లో అదే కష్టం. ముందు నడిచేవాళ్ళ మాట ముందుకే పోతుంది. ఇరవై నిమిషాలుగా ఆవిడ వీపు మాట్లాడుతోంది, నేను ఊకొడుతున్నాను. మాట వినబడనివాడు ఎంత అలిసిపోతాడో వినబడేవాళ్ళకి చెప్పడం కష్టం. ఎక్కడ నవ్వాలి, ఎక్కడ 'అవునా' అనాలి అని కాపలా కాసి కాసి నా తల బరువెక్కింది. ఆ మాట చెప్పొచ్చు. చెబితే సోమవారానికి ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని మబ్బుల మీద పెట్టాను.

"వానొచ్చేలా ఉంది. సగం దూరం వెళ్ళి వచ్చేద్దాం."

ఆవిడ వెనక్కి తిరిగింది. "లూప్‌కి సగమేంటండీ? సగం దగ్గర ఆగితే అన్నిటికన్నా దూరంగా ఉంటాం."

"అయితే ఇక్కణ్ణుంచే పోదాం."

"ఫ్రాన్స్ అడిగితే ఇక్కడికి తెచ్చారు. ఇక్కడ కొండ అడిగితే సగం అంటున్నారు. కొసరైనా ఇవ్వరా?"

ఏ కొట్టువాడికైనా తగలాల్సిన మాట అది. తగిలింది కాబట్టే మొండికేశాను. "నువ్వు వస్తే రా, నేను కారు దగ్గరికి పోతున్నా" అని వెనక్కి తిరిగాను.

రాళ్ళ మీద మెల్లిగా నడిచాను, మా కొట్టు మెట్లు దిగే ఆవిడలా. అవతలి గట్టు ఎక్కాను. బాట మలుపు పాతిక అడుగుల దూరంలో ఉంది. మలుపు తిరిగేలోపు పిలుస్తుంది అనుకున్నాను. ముప్ఫై ఒక్కేళ్ళలో నేనిలా లేచి నడిచిన ప్రతిసారీ ఆవిడ "ఏమండీ" అంది. నేను వెనక్కి తిరిగి, ఉదారంగా, సగం దగ్గర ఒప్పుకున్నాను. ఆ రోజు అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఏటి చప్పుడు ఒక గుడ్డ కప్పినట్టు అన్నిటినీ కప్పేసింది. పిలుపు రాలేదు.

మలుపు దగ్గర ఆగాలనిపించింది. ఆగితే వెనక్కి చూడాలి, చూస్తే ఓడినట్టే. తిరిగాను.

కారు దగ్గరికి ఇరవై నిమిషాలు. ఇక కారులో కూర్చుని, సోఫా కొట్టు బయట కూర్చున్నట్టే, బాట మొదలుకేసి చూశాను. అరగంట అయింది. కొండెక్కి ఉంటుంది అనుకున్నాను. నా మీద కోపంతో ఎక్కి, ఒక్కతే నది చూసి, ఆ ఫోటో ముందు అబ్బాయికి పంపుతుంది. గంట అయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. మబ్బులు కూడా నన్ను పట్టించుకోకుండా ఎటో పోయాయి, ఎండ కాసింది. ఆవిడ నిజంగానే రోడ్డు మీద కాలు పెట్టిందేమో. ఇది మంగళవారానికి రిహార్సలేమో.

కారు దిగి బాట వైపు పదడుగులు వేశాను. ఒక కుర్రాడు, వెనకే ఒక అమ్మాయి, తాడు కట్టిన కుక్క పరిగెత్తుకుంటూ ఎదురొచ్చారు. తెల్లవాళ్ళు, నేనెప్పుడూ చూడనివాళ్ళు. కుర్రాడు నా ఎదురుగా ఆగి రొప్పుతూ ఒక మాట అన్నాడు.

నా పేరు.

ఎబ్బెట్టుగా, ఒత్తు పడకూడని చోట ఒత్తి పలికాడు, కానీ నా పేరే. అది మీరేనా అని ఇంగ్లీషులో అడిగాడు.

"నా పేరు నీకెలా తెలుసు?" అన్నాను. నా మొదటి ప్రశ్న అదీ.

"కింద ఏటి దగ్గర ఒకావిడ ఆ పేరు పెట్టి అరుస్తున్నారు. పడిపోయారు. కాలు విరిగినట్టుంది."

మా వైపు ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. ఇప్పటి పిల్లలు పలుకుతారు, మంచిదే. మా ఆవిడ పలకలేదు. గుడిలో అర్చన చేయించేటప్పుడు పూజారి అడిగితే నా వైపు చూసేది, నేను చెప్పుకునేవాణ్ణి. అమెరికా వచ్చాక బ్యాంకులో, డాక్టరు ఆఫీసులో నా పేరు అడిగితే పర్సులోంచి కార్డు తీసి ఇచ్చేది. మా అబ్బాయి చిన్నప్పుడు వంద రకాలుగా ఏడిపించాడు, "మమ్మీ, జస్ట్ ఒక్కసారి సే చెయ్యి" అని. చెప్పలేదు. నేను ఆవిడకి ముప్ఫై ఒక్కేళ్ళుగా "ఏమండీ"ని. అంతకు మించి అవసరం రాలేదు.

డ్యాష్‌బోర్డు అర తీసి డబ్బాలోంచి మిషన్ చెవికి పెట్టుకుని, అదేదో అప్పుడు ఉపయోగపడుతుందన్నట్టు, వాళ్ళ వెనక పరిగెత్తాను. ఆ వయసులో నాది పరుగు అంటే ఒప్పుకోరు గానీ కుక్క నన్ను ఊరుకోనివ్వలేదు. దారిలో అమ్మాయి చెప్పింది. చాలాసేపటి నుంచి కొండ మీద వాళ్ళకి ఒక పిలుపు వినబడుతూనే ఉందట. ఏదో మూడక్షరాల మాట, మళ్ళీ మళ్ళీ. ఎవరో తమ కుక్కని పిలుచుకుంటున్నారేమో అనుకుని వాళ్ళ దారిన వాళ్ళు నడిచారట. తర్వాత పిలుపు మారిందట. గొంతు కూడా మారిందట. అప్పుడు భయమేసి దిగొచ్చారట.

"సారీ, మాకు తెలియలేదు" అంది.

కుక్కని పిలుస్తున్నట్టు అనుకున్నందుకు నేను ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. పిలిస్తే వస్తుందని నమ్మకం ఉన్న గొంతు అలాగే ఉంటుంది.

మా ఆవిడ మలుపు తిరగగానే, ఏటికి ఇవతలి గట్టు మీదే, బండకి వీపు ఆనించి కూర్చుని ఉంది. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. కుడి పాదం ఉండాల్సిన దిక్కుకి లేదు. కుర్రాడి కోటు మడిచి కాలి కింద పెట్టి ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి మొదట చెవికేసి చూసింది.

"పెట్టుకున్నారా?"

"ఆ."

"నొప్పిగా ఉందండీ" అంది. మామూలు గొంతుతో, వంటింట్లోంచి ఉప్పు అయిపోయిందన్నట్టు. ఆ మాట మొత్తం వినబడింది.

కుర్రాడు సిగ్నల్ దొరికే చోటికి వెళ్ళి ఫోన్ చేశాడు. నలుగురు మనుషులు స్ట్రెచర్ మీద మోసుకుని పైకి తెచ్చారు. దగ్గర్లోని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. చీలమండ దగ్గర రెండు ఎముకలు విరిగాయి. ఎలా పడ్డారని నర్సు అడిగింది, కాగితం మీద రాసుకోవడానికి. నేను మంచం అవతల నిలబడ్డాను, మిషన్ ఉన్న చెవి వాళ్ళ వైపు పెట్టి. మా ఆవిడ ఇంగ్లీషులో వరసగా చెప్పింది. నేను రాళ్ళు దాటగానే పిలిచిందట. గట్టున నిలబడి, ఆగండి, కొండ వద్దులే, వెనక్కే పోదాం అని. నేను ఆగలేదు. మళ్ళీ పిలిచిందట. నేను మలుపు తిరిగిపోతున్నానని కంగారుపడి రాళ్ళ మీద గబగబా దాటబోయింది. చివరి రాయి జారింది. పడ్డాక, కాలు నీళ్ళలోంచి లాక్కుని గట్టుకి చేరి, మళ్ళీ పిలిచింది.

నర్సు రాసుకుని వెళ్ళిపోయింది.

అంటే నేను గెలిచాను. సరిగ్గా మూడో మెట్టు మీద, మా నాన్న పిలిచే చోటే, ఆవిడ పిలిచింది. నేనడిగిన ధరకే ఇచ్చేసింది. కొనేవాడే లేడు.

అక్కడ ఇంకో సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. డాక్టరు వచ్చి ఆపరేషన్ చెయ్యాలి, ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదు అన్నప్పుడు, నా బుర్రలోకి మొదట వచ్చింది మంగళవారం ఫ్లైట్. ఇక ఆవిడ అది ఎక్కే వీల్లేదు, అనుకున్నాను. ఒక్క క్షణం, అంతే. కానీ ఆ క్షణం ఊరటలాంటిదే. దాన్ని గల్లాపెట్టెలో వేసుకుని మూత వేశాను. ఆవిడ నా మొహం చూస్తోంది.

"నాకూ అదే గుర్తొచ్చిందండీ" అంది. "టికెట్ డేట్ మార్చమని వాడికి చెబుతాను."

అబ్బాయికి ఫోన్ నేనే చేశాను. అంతా విన్నాక అడిగాడు.

"డాడీ, మీరు అమ్మని అక్కడ వదిలి కార్‌కి ఎందుకు వెళ్ళారు? లైక్, ఎందుకు?"

వాడికి మూడు మెట్ల సంగతి చెప్పబోయాను. నాన్న గురించి, చీర పక్కకి తోసి లేచే ఆవిడ గురించి. నోటిదాకా వచ్చేసరికి అదంతా ఎంత చిన్నగా అనిపించిందంటే, "వాన వస్తుందనుకున్నాను" అన్నాను.

"అక్కడ వాన వచ్చిందా?"

"రాలేదు."

ఇంటికొచ్చాక రెండో మిషన్ తెచ్చుకున్నాను. ఆ డాక్టరమ్మ ఈసారి ఎంత చెబితే అంతకి తలూపాను, ఆవిడకే అనుమానం వచ్చి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. రెండు చెవులతో ఇల్లు కొత్తగా ఉంది. ఫ్రిజ్ అంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. మా ఆవిడ చంకకర్ర నేలకి తగిలే టకటక ఏ గదిలో ఉన్నా వినబడుతుంది. ఉల్లిపాయ మొదటి పొర వలిచే చప్పుడు కూడా వినబడుతుంది, ఇప్పుడు వలిచేది నేనే కాబట్టి. వినబడనిది ఒక్కటే. ఆవిడ పెద్దగా మాట్లాడటం లేదు. కోపంతో కాదు. నాలుగేళ్ళుగా తగ్గుతూ వచ్చిన అలవాటు ఒక్క సోమవారంతో తిరిగిరాదు. ఫ్రెంచి కూడా మానేసింది.

నాలుగో వారంలో ఒకరోజు, కాఫీ ఇచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు ఏటి దగ్గర పిలిచినట్టు ఒక్కసారి పిలువు."

ఆవిడకి అర్థమైంది. కాఫీ ఊదుకుంది. "ఎందుకు?"

"నేను వినలేదు కదా."

"వినాల్సినప్పుడు వినలేదు. ఇప్పుడు మీరు పక్కనే ఉన్నారు, పిలవాల్సిన పనేముంది?"

"వచ్చే ఏడాది ఫ్రాన్స్ వెళ్దాం. అసలు ఫ్రాన్సే. నాలుగు కాదు, పది రోజులు."

నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు, బేరం పెట్టానని. ఆవిడ నవ్వింది, సోఫా నవ్వు.

"దానికి ధర లేదండీ" అంది. "భయమేసి వచ్చింది. మళ్ళీ అంత భయం వెయ్యకుండా ఉంటే చాలు."

నేను రెండో మిషన్ తెచ్చుకున్నా, ఆసుపత్రిలో చెప్పినట్టే ఆవిడ ఆరు వారాలయ్యాక, కాలికి గట్టి బూటు వేసుకుని, ఫ్రీమాంట్ బయల్దేరింది. రిటర్న్ ఎప్పుడని నేను అడగలేదు. అడిగితే ఏదో ఒక తేదీ ఇచ్చేది, నేను దాన్ని ముందుకు లాగేవాణ్ణి. ఎయిర్‌పోర్ట్‌లో కారు పార్క్ చేసి లోపలిదాకా వెళ్ళాను. వీల్‌ఛైర్ వద్దంది. సెక్యూరిటీ లైన్ మొదట్లో నా చొక్కా కాలర్ సరిచేసి, "రెండూ పెట్టుకునే పడుకోకండి, రాత్రి తీసి ఛార్జింగ్ పెట్టండి" అని లోపలికి నడిచింది.

నేను వెనక్కి తిరిగి తలుపుల వైపు నడిచాను. మెల్లిగా నడవకూడదని గట్టిగా అనుకున్నాను. మెల్లిగా నడిస్తే పిలుపు కోసం నడిచినట్టుంటుంది. అందుకని మామూలుగా, ఇంటికెళ్ళేవాడిలా నడిచాను. సూట్‌కేసుల చక్రాలు, ఎవరి పిల్లాడో ఏడుపు, పైన మైకులో పేర్లు, అన్నీ ఒకేసారి చెవుల్లో పడుతున్నాయి.

"ఏమండీ."

గట్టిగా కూడా కాదు. అన్ని చప్పుళ్ళ అడుగున, బట్టల మధ్య పెట్టిన కాగితంలా ఉంది ఆ మాట. మొదటి పిలుపుకే తిరిగాను. ఎంత త్వరగా తిరిగానంటే పక్కాయన సూట్‌కేసు తన్నేశాను.

ఆవిడ లైన్‌లోంచి తాడు మీదుగా చెయ్యి చాపి నిలబడి ఉంది, వేళ్ళ మధ్య చిన్న చీటీ.

"పార్కింగ్ టికెట్ నా బ్యాగ్‌లో ఉండిపోయింది" అంది. "ఇది లేకపోతే మిమ్మల్ని బయటికి పోనివ్వరు."

పరిగెత్తుకెళ్ళి తీసుకున్నాను. ఆవిడ వెనక ఉన్నవాళ్ళు ముందుకి జరగమన్నారు. జరిగింది. బూటు నేలకి తగిలే చప్పుడు మలుపు తిరిగేదాకా విన్నాను, తిరిగాక కూడా కాసేపు.